అద్దె ఎంతో అడిగావు సరే, ఆ ఊరి పన్నెవరిదో అడిగావా?

చెల్లీ, బూర్గంపాడు నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. పెద్దోడికి ఇంగ్లండులో ఎమ్మెస్సీ సీటొచ్చిందంటే ఎంత సంతోషమేసిందో! కానీ సంతోషం రెండు లైన్లు రాసి, మిగతా కాగితమంతా దిగులే నింపావు. వాడు మాట్లాడుకున్న ఇంటి అగ్రిమెంటులో ‘కౌన్సిల్ టాక్స్ కిరాయిదారే కట్టుకోవాలి’ అని ఒక ముక్క ఉందట. “ఇల్లు వాళ్లది, పన్ను మావాడెందుకు కట్టాలక్కా? ఇదేమన్నా మోసమా?” అని అడిగావు. మోసమేం కాదు, కంటినిండా నిద్రపో. అక్కడి చట్టమే అంత. అయితే చదువుకునే పిల్లలకు అందులో ఒక వెసులుబాటుంది. ఆ వెసులుబాటు ఎప్పుడు మొదలై ఎప్పుడు తీరిపోతుందో తెలియకే మన పిల్లలు ఇరుక్కుంటున్నారు.

నీకు విడ్డూరంగా తోచడంలో తప్పులేదు. మన దగ్గర ఇంటి పన్నంటే ఇల్లుగలవాళ్ల గొడవ. మార్చి వచ్చిందంటే పంచాయతీ కారోబార్ రసీదు పుస్తకం చంకన పెట్టుకుని గడప గడపా తిరుగుతాడు. సారపాకలో కిరాయికుండే టీచరమ్మ వాకిట్లోకొచ్చి, “ఓనరు గారు పాల్వంచలో ఉంటారండీ” అని చెప్పి తలుపేసుకుంటుంది. ఖమ్మం కార్పొరేషన్లోనూ డిమాండ్ నోటీసు ఓనరు పేరునే వస్తుంది. ఆ బరువు అద్దెలో కలుపుకుంటాడా, తానే మోస్తాడా అనేది ఆయనిష్టం.

మన ఏజెన్సీలో దీనికి ఇంకో మెలిక కూడా ఉంది. వన్ ఆఫ్ సెవెంటీ భూమి చట్టం ఉండగా గిరిజనేతరులకు జాగా కొనడం కుదరదు గదా. ఉద్యోగాలకొచ్చినవాళ్లు ఏళ్లకేళ్లు కిరాయి ఇళ్లలోనే వెళ్లబుచ్చుతారు. ఇల్లున్నవాళ్లేమో పన్ను రసీదుల్ని బీరువాలో బంగారం పక్కన దాస్తారు. పన్ను కట్టినంత మాత్రాన ఇంటిమీద హక్కు రాదని ఎవరెంత చెప్పినా వాళ్ల చెవికెక్కదు. కిరాయిదారు “ఈసారికి నేను కడతాలెండి” అన్నాడనుకో, ఓనరుకు గుండె దడే, రేపు ఆ రసీదు చూపించి ఇల్లు నాదంటాడేమోనని! ఇట్టాంటి ఊళ్లో పుట్టిన పిల్లాడికి, ఓనరు నవ్వుతూ “పన్ను నువ్వే కట్టుకో బాబూ” అంటే అయోమయంగా ఉండదా మరి.

ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్‌లో కౌన్సిల్ టాక్స్, అంటే మన పంచాయతీలాంటి స్థానిక కౌన్సిల్‌కు కట్టే పన్ను, ఆ ఇంట్లో కాపురముండే వాళ్ల మీద పడుతుంది. ఓనరు అందులోనే ఉంటే ఓనరుది, అద్దెకిస్తే అద్దెకున్నవాళ్లది. 1993 నుంచీ ఇదే పద్ధతి. అంతకుముందు థాచర్ గారి ప్రభుత్వం ఇంటి లెక్క మానేసి తలకింత అని పన్ను వేసింది. కోటీశ్వరుడికీ కూలివాడికీ ఒకటే పన్నేంటని జనం తిరగబడ్డారు. 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్లో పెద్ద అల్లరైంది. ఆ తర్వాత తలపన్ను తీసేసి ఇది పెట్టారు. ఇంటి విలువను బట్టి ఇంగ్లండులో ‘ఎ’ నుంచి ‘హెచ్’ దాకా ఎనిమిది తరగతులు. ఆ విలువేమో 1991 ఏప్రిల్ 1 నాటిది! మన ప్రభుత్వాలే పాత లెక్కలు పట్టుకుని వేలాడతాయనుకుంటాం గానీ, తెల్లవాళ్లూ తక్కువ తినలేదు.

బిల్లెంతంటావా? 2025-26లో ఇంగ్లండు మొత్తం మీద ‘డి’ తరగతి ఇంటికి సగటున ఏడాదికి 2,280 పౌండ్లు. మన డబ్బుల్లో రెండున్నర లక్షలు దాటుతుంది. మామూలుగా ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది వాయిదాలు, అడిగితే పన్నెండు చేస్తారు. పిల్లలుండే ఇళ్లు చాలామటుకు కింది తరగతుల్లోవే. ‘ఎ’ తరగతికి ‘డి’లో మూడింట రెండొంతులే పడుతుంది, అంటే 1,520 పౌండ్ల దాకా. అదైనా తక్కువేం కాదు.

నన్నడిగితే ఆ పద్ధతిలో న్యాయముంది. మన పంచాయతీ రసీదులో ఇంటి పన్నుతోపాటు నీళ్లు, వీధి దీపాలు, రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు ఉంటాయే, వాళ్ల బిల్లులోనూ పోలీసులకింత, అగ్నిమాపక దళానికింత, వృద్ధుల సంరక్షణకింత అని విడివిడిగా చూపిస్తారు. చెత్త ఎత్తేదీ, వీధి దీపం వెలిగేదీ అక్కడ కాపురమున్నవాళ్ల కోసమేనాయె. ఎక్కడో ఉన్న ఓనరు ఎందుకు కట్టాలి అనేది వాళ్ల లెక్క.

సరే, అసలు సంగతికొస్తా. ఫుల్‌టైమ్ స్టూడెంట్లకు ఈ పన్ను లేదు. కోర్సు కనీసం ఏడాదిదై ఉండాలి, ఏడాదిలో 24 వారాలకు తగ్గకుండా నడవాలి, చదువు వారానికి సగటున 21 గంటలుండాలి. మీవాడి ఎమ్మెస్సీకి ఇవన్నీ సరిపోతాయి. ఇంట్లో ఉండేవాళ్లంతా ఇట్టాంటి స్టూడెంట్లే అయితే ఆ ఇంటికి పన్ను మొత్తం మాఫీ. యూనివర్సిటీ హాస్టలైతే ఆ ఊసే రాదు. కానీ బయట ఇల్లు తీసుకుంటే మాఫీ దానంతటదే వస్తుందని కూర్చోకూడదు. యూనివర్సిటీ నుంచి స్టూడెంటు సర్టిఫికెట్ తీసుకుని కౌన్సిల్‌కు పంపాలి. కొన్ని యూనివర్సిటీలు పేర్లు నేరుగా పంపిస్తాయి, అయినా సరే వాడిచేత ఒకసారి కనుక్కోమను.

ఇక చిక్కంతా కోర్సు అయిపోయిన మర్నాటి నుంచి. కొత్తగూడెంలో నాకు తెలిసిన ఒక వదిన కొడుకు కథే చెప్తా. నలుగురు తెలుగు పిల్లలు కలిసి ఇల్లు తీసుకున్నారు. ఏడాదంతా బిల్లు లేదు. వీడి కోర్సు సెప్టెంబరులో అయింది, గ్రాడ్యుయేట్ వీసాకు మారాడు, గోడౌన్లో రాత్రి డ్యూటీ దొరికింది. మిగతా ముగ్గురూ జనవరిలో చేరినవాళ్లు కాబట్టి ఇంకా చదువుతూనే ఉన్నారు. అదే ఇల్లు, అదే మంచం, అదే అద్దె. కానీ కౌన్సిల్ లెక్కలో ఆ ఇంట్లో ఇప్పుడు పన్ను కట్టాల్సిన పెద్దమనిషి ఒకడున్నాడు. ఒక్కడే కాబట్టి 25 శాతం తగ్గిస్తారు, మిగతా 75 శాతం బిల్లు వస్తుంది. ‘ఎ’ తరగతి ఇల్లనుకున్నా సగటున ఏడాదికి 1,140 పౌండ్లు, మన లెక్కలో లక్షా పాతిక వేల పైమాటే. స్టూడెంట్లు మాకేం సంబంధమన్నారు. వీడేమో నలుగురం పంచుకుందామన్నాడు. ఒకే కుక్కర్లో అన్నం వండుకున్న పిల్లలు నెలరోజులు మొహాలు చూసుకోలేదట.

చట్టప్రకారం ఆ ముగ్గురి మాటే నిజం, స్టూడెంట్లు దాన్ని మొయ్యక్కర్లేదు. అయినా వీడికున్న మాఫీ పోయిందనీ, వీడివల్లే ఇంటికి బిల్లు పడిందనీ ముందే తెలిసుంటే, వేరే చోట గది చూసుకునేవాడో, లేకపోతే మొదటి రోజే మాట్లాడుకునేవాళ్లో. అదీ నా బాధ. మీవాడు ఇల్లు పంచుకునేటప్పుడు “నీ కోర్సు ఎప్పుడైపోతుంది?” అని ఒక్కొక్కణ్నీ అడగమను. గోత్రాలు అడిగేవాళ్లం మనం, ఇదడగడానికి మొహమాటమెందుకు!

ఇంకో చిన్న సంగతి. వాకిట్లో పడే కవర్ల మీద చాలాసార్లు వీళ్ల పేరుండదు. ‘ది ఆక్యుపయర్’ అని ఉంటుంది, అంటే ఆ ఇంట్లో ఉండేవాళ్లెవరైనా సరే అని. నా పేరు కాదుగా అని పిజ్జా కాగితాలతో కలిపి మెట్ల కింద పడేస్తారు. అట్టా పడేసిన వాటిలోనే కౌన్సిల్ ఉత్తరముంటుంది. వాయిదా తప్పితే రిమైండరు వస్తుంది, వారంలో కట్టమంటుంది. అప్పటికీ కట్టకపోతే వాయిదాల సదుపాయం పోయి మిగిలిన ఏడాది సొమ్మంతా ఒక్కసారే కట్టమంటారు. తర్వాత కోర్టు సమను, దాని ఖర్చులు, చివరికి వసూలు చేసేవాళ్లు తలుపు కొడతారు. మన రామదాసుకు తానీషా కొలువులో బాకీ పడితే రామోజీ, లక్ష్మోజీ వచ్చి తీర్చి రసీదు రాయించుకున్నారని కథ చెప్పుకుంటాం. మన పిల్లలకు ఆ ఇద్దరూ ఎవరో నీకు తెలుసుగా. మీ ఆయన, నువ్వు! అందుకే కవరేదొచ్చినా చింపి చూడమను.

డబ్బుకు ఇబ్బందై, మాఫీ ఏదైనా దొరుకుతుందేమోనని వెతికేటప్పుడు మరీ జాగ్రత్త. ఒంటరిగా ఉంటే ఇచ్చే 25 శాతం తగ్గింపు, స్టూడెంటు మాఫీ అర్హతుంటే వీసా మీదున్నవాళ్లూ తీసుకోవచ్చు. కానీ ‘కౌన్సిల్ టాక్స్ రిడక్షన్’ అని వేరేది ఒకటుంది. అది ఆదాయం తక్కువున్నవాళ్లకు ఇచ్చే సాయం. స్టూడెంటు వీసా, గ్రాడ్యుయేట్ వీసాల మీద ప్రభుత్వ సాయం తీసుకోకూడదని షరతుంటుంది, ఇది ఆ సాయం కిందికే వస్తుంది. తెలియక దరఖాస్తు పెడితే వీసాకే ఎసరు. రెండింటి పేర్లూ దగ్గరదగ్గరగా ఉంటాయి, స్నేహితుడెవడో నింపమన్నాడని నింపెయ్యొద్దని గట్టిగా చెప్పు.

అగ్రిమెంటు సంగతి. ఇల్లు మొత్తం అందరూ కలిసి ఒకే కాగితం మీద తీసుకుంటే పన్ను వాళ్లదే. ఓనరు ఒక్కో గదికి ఒక్కో మనిషితో విడివిడిగా రాసుకుని, వంటిల్లు అందరికీ ఉమ్మడిగా వదిలేస్తే, మామూలుగా ఆ పన్ను ఓనరుది. అద్దెలో కలిపేసుకుంటాడు. ‘బిల్స్ ఇంక్లూడెడ్’ అంటే అందులో కౌన్సిల్ టాక్స్ ఉందా లేదా అని కాగితం మీద రాయించుకోవాలి. కరెంటు, గ్యాసు, ఇంటర్నెట్‌తోనే ఆ మాట సరిపెట్టేవాళ్లున్నారు. మనవాళ్లలో ఇంకో అలవాటుంది: సీనియర్ పేరుమీద ఇల్లు, జూనియర్లు నెలనెలా అతని చేతికి డబ్బులు. అన్నా అన్నా అనుకుంటూ బానే గడుస్తుంది. అన్న ఊరు మారినప్పుడే, ఆ ఇంట్లో తామున్నామని చూపించడానికి పిల్లల దగ్గర ఒక్క కాగితం ముక్కా ఉండదు.

మీ మరిది కూతురు జర్మనీ వెళ్తుందన్నావు కదా. అక్కడ స్థిరాస్తి పన్ను ఓనరు పేరునే పడుతుంది గానీ, అగ్రిమెంటులో రాసుకుంటే అద్దెకున్నవాళ్ల దగ్గర ఇతర ఖర్చులతో కలిపి రాబట్టుకోవచ్చు. ఏడాది లెక్క కాగితం వస్తుంది, అందులో ఆ పద్దు ఉంటుంది, తప్పక చూసుకోమను. దుబాయ్‌లోనైతే ఏడాది అద్దెలో 5 శాతాన్ని పన్నెండు భాగాలు చేసి కరెంటు, నీళ్ల బిల్లులో కలిపి కిరాయిదారు దగ్గరే వసూలు చేస్తారు. అమెరికాలో కిరాయిదారుకు బిల్లు రాదు, ఓనరు కట్టి అద్దెలో రాబట్టుకుంటాడు. మిషిగన్‌లో మాత్రం అద్దెలో 23 శాతాన్ని ఆస్తిపన్నుగా లెక్కగట్టి, ఆదాయ పరిమితికి లోబడి అక్కడ స్థిరపడినవాళ్లకు కొంత వెనక్కిస్తారు.

ఇంత దూరమెందుకు, మన భద్రాచలం చూడు. 2014లో చుట్టూ ఉన్న మండలాలు ఆంధ్రలో కలిశాక, ఊరు దాటి ఎటపాక వైపు నాలుగడుగులేస్తే ఇంటి పన్ను పక్క రాష్ట్రం పంచాయతీకి పోతుంది. మనిషి ఎక్కడుంటే అక్కడి లెక్క.

అన్నీ భయపెట్టే మాటలే చెప్పాననుకోకు. అక్కడి కౌన్సిల్ ఎన్నికల్లో మీవాడికి ఓటుంది! మనది కామన్వెల్త్ దేశం కాబట్టి, వీసా మీద అక్కడ ఉంటున్న భారతీయులకు మన పాస్‌పోర్టుతోనే ఓటు వస్తుంది. పార్లమెంటు ఎన్నికల్లో కూడా. పేరు నమోదు చేసుకోవాలంతే. ఓటరు జాబితాలో పేరుంటే అప్పు, ఫోను కాంట్రాక్టు లాంటివి తీసుకునేటప్పుడు అడ్రసు రుజువుకు కూడా పనికొస్తుంది. చెత్తబండి రావట్లేదని కౌన్సిలర్‌ను నిలదీసి అడగొచ్చు.

ఇల్లు మారినప్పుడల్లా, ఏ తేదీన ఖాళీ చేశాడో కౌన్సిల్‌కు ఆన్‌లైన్లో చెప్పాలి. చెప్పకపోతే పాత ఇంటి బిల్లు వాడి పేరున నడుస్తూనే ఉంటుంది. ఎక్కువ కట్టి ఉంటే వెనక్కిస్తారు, మామూలుగా వాళ్ల దేశపు బ్యాంకు ఖాతాలోకే. కాబట్టి చదువైపోయి ఇంటికొచ్చేసే పిల్లలు, లెక్క తేలకుండా ఆ ఖాతా మూసేసి విమానమెక్కొద్దని చెప్పు. అగ్రిమెంటు కాగితం ఫొటో తీసి నాకూ ఒకటి పంపించు, సంతకం పెట్టేలోపు చూసి చెప్తా.