హఠాత్తుగా డబ్బు వస్తే జకాత్ తీసుకునే హక్కు ఉంటుందా?

ఒక రమజాన్ మాసానికి పది రోజుల ముందు ఒక సోదరి మా వద్దకు వచ్చారు. ఆమె భర్త చనిపోయి ఏడేళ్ళయింది. కుట్టుపని చేసుకుంటూ ఇద్దరు పిల్లలను పోషించుకుంటున్నారు. ప్రతి యేటా మహల్లా బైతుల్ మాల్ నుండి ఆమెకు జకాత్ అందుతుంది. వితంతు పింఛను, రేషను బియ్యం కూడా వస్తున్నాయి. ఆమె సంచిలోంచి బ్యాంకు పాసుబుక్కు తీసి మా ముందు పెట్టారు. కొద్ది నెలల క్రితం తండ్రి చనిపోగా, ఆయన ఇల్లు అమ్మి వారసులు పంచుకున్నారు. ఆమె వాటాకు 2,40,000 రూపాయలు వచ్చాయి.

"మౌలానా! ఈ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెబితే జాబితాలోంచి నా పేరు కొట్టేస్తారని మా ఆపా అంటోంది. చెప్పకుండా జకాత్ తీసుకుంటే రేపు అల్లాహ్ కు ఏమని జవాబు చెప్పుకోను? పింఛను కూడా పోతుందా?" అని అడిగారు.

ఈ ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు. ప్రాజెక్టు కింద పొలం పోయి పరిహారం అందుకున్న రైతు, గల్ఫ్ నుండి సర్వీసు డబ్బు తీసుకుని తిరిగొచ్చిన కార్మికుడు, తెలంగాణలో కూతురి పెళ్ళికి షాదీ ముబారక్ పథకం కింద 1,00,116 రూపాయలు అందుకున్న తల్లి... వీరందరికీ ఎదురయ్యే ప్రశ్నే ఇది. కనుక ఈ నెల పాఠంలో దీని గురించి తెలుసుకుందాం.

జకాత్ ఎవరి హక్కు?

జకాత్ ఎవరికి చెందాలో నిర్ణయించే అధికారం అల్లాహ్ ఏ పాలకునికీ, ఏ కమిటీకీ వదిలిపెట్టలేదు. తౌబా సూరా 60వ ఆయతులో ఎనిమిది వర్గాలను ఆయనే స్వయంగా పేర్కొన్నాడు. వాటిలో మొదటివారు నిరుపేదలు, అగత్యపరులు. అప్పుల్లో కూరుకుపోయిన వారు కూడా ఆ ఎనిమిదిలో ఉన్నారు. ఒకసారి ఇద్దరు వ్యక్తులు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి దానం అడిగారు. ఆయన వారిని పరికించి చూశారు. ఇద్దరూ దృఢకాయులు. కావాలంటే ఇస్తాను గాని, ఇందులో ధనికునికీ, సంపాదించుకోగల శక్తిమంతునికీ వాటా లేదని వారికి తెలియజేశారు. ఈ సంఘటన అబూ దావూద్, నసాయీ గ్రంథాల్లో ఉంది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆయన వారిని అవమానించలేదు, వెళ్ళగొట్టలేదు. నియమం చెప్పి, నిర్ణయాన్ని వారి అంతరాత్మకు వదిలారు.

వచ్చింది కాదు, మిగిలింది చూడాలి

హనఫీ ఫిఖ్హ్ ప్రకారం నిసాబ్ అంటే 87.48 గ్రాముల బంగారం, లేదా 612.36 గ్రాముల వెండి. మన పెద్దల లెక్కలో ఏడున్నర తులాల బంగారం, యాభై రెండున్నర తులాల వెండి. చేతిలో నగదు ఉన్నవారు సాధారణంగా వెండి నిసాబ్ తో సరిచూసుకోవాలి. అప్పులు, కనీస అవసరాలు పోగా ఆ విలువకు సమానమైన సొత్తు ఎవరి వద్ద మిగులుతుందో వారు జకాత్ తీసుకోరాదు.

కనీస అవసరాలంటే ఏమిటి? ఉండే ఇల్లు, కట్టుకునే బట్టలు, వంటపాత్రలు, తిరిగే వాహనం, పొట్ట నింపే పనిముట్లు. కుట్టుమిషను, అద్దెకు తిప్పుకునే ఆటో లెక్కలోకి రావు. కాని ఖాళీగా పడి ఉన్న స్థలం, బీరువాలోని నగలు, ఎప్పుడో వచ్చే పెళ్ళి కోసం దాచిన నగదు లెక్కలోకి వస్తాయి.

ఇప్పుడు ఆ సోదరి లెక్క చూద్దాం. వచ్చింది 2,40,000. పెద్దబ్బాయి ఆపరేషనుకు చేసిన అప్పు 95,000. ఇంటి అద్దె బకాయి 15,000. నగలేమీ లేవు. మిగిలింది 1,30,000 రూపాయలు. వెండి గ్రాము 150 రూపాయలు ఉన్న రోజున నిసాబ్ 91,854 రూపాయలు అవుతుంది. అంటే ఆమె నిసాబ్ దాటినట్లే. అదే వెండి గ్రాము 250 రూపాయలకు చేరితే నిసాబ్ 1,53,090 అవుతుంది. అప్పుడు అదే 1,30,000 ఉన్న మనిషి జకాత్ కు అర్హుడే. కాబట్టి నిరుటి ధర, ఎవరో చెప్పిన ధర పనికిరావు. ఆ రోజు ధరే కనుక్కోవాలి.

షాదీ ముబారక్ డబ్బు సంగతీ ఇంతే. పెళ్ళికి లక్షన్నర అప్పు చేసిన తల్లికి ఆ డబ్బు పెళ్ళి తర్వాత అందిందనుకోండి. అదంతా అప్పుకు జమ చేసినా ఇంకా యాభై వేలు బాకీయే. వేరే సొత్తు లేనప్పుడు ఆమెకు జకాత్ హక్కు అలాగే ఉంటుంది. "ఆమెకు లక్ష వచ్చిందట!" అని చెప్పుకునేవారు ఆ బాకీని కూడా చెప్పాలి.

షాఫయీ మజ్హబ్ ను అనుసరించేవారు నిసాబ్ ను కాకుండా, ఆ వ్యక్తి జీవనానికి సరిపడా ఉందా లేదా అన్నది చూస్తారు. వారు తమ ఆలింలను అడిగి తెలుసుకోవాలి.

తీసుకునే హద్దు, ఇచ్చే హద్దు

ఇక్కడ చాలామంది పొరబడుతుంటారు. "డబ్బు వచ్చి ఏడాది కాలేదు కదా, ఇంకా జకాత్ తీసుకోవచ్చు" అనుకుంటారు. ఏడాది గడువు జకాత్ ఇవ్వడానికే గాని తీసుకోవడానికి కాదు. నిసాబ్ దాటిన రోజు నుండే తీసుకునే హక్కు ఆగిపోతుంది. ఇచ్చే బాధ్యత మాత్రం చాంద్రమాన సంవత్సరం తిరిగాక, అప్పటికీ నిసాబ్ మిగిలి ఉంటేనే వస్తుంది. ఈ మధ్యకాలంలో ఆ మనిషి జకాత్ తీసుకోరాదు, ఇంకా ఇవ్వనక్కరలేదు. అయితే ఈదుల్ ఫిత్ర్ ఉదయానికి నిసాబ్ ఉంటే ఫిత్రా ఇవ్వాలి. బక్రీదు రోజుల్లో ఉంటే ఖుర్బానీ చేయాలి.

ఈ కాలంలో బంధువులు, ఇరుగుపొరుగులు ప్రేమతో ఇచ్చే కానుకలు తీసుకోవడానికి ఏ అడ్డూ లేదు. కలిగినవారు ఈ సంగతి గ్రహించాలి. జకాత్ జాబితాలో పేరు లేనంత మాత్రాన ఆ ఇంట కష్టం తీరిపోయిందని కాదు.

ఇంతకు ముందు తీసుకున్నదాని మాటేమిటి?

అర్హత ఉన్న రోజుల్లో తీసుకున్న జకాత్ ఆమె సొంత సొమ్ము. అందులో కొంత ఇంకా ఖర్చు కాకుండా మిగిలి ఉన్నా అది హలాలే, తిరిగి ఇవ్వనక్కరలేదు. నిసాబ్ దాటిన తర్వాత, విషయం తెలియక కమిటీ ఇచ్చినదాన్ని మాత్రం ఉంచుకోరాదు, తిరిగి ఇచ్చేయాలి. విచారించి, పేద అని నమ్మి ఇచ్చినవారి జకాత్ నెరవేరినట్లే. వారిపై దోషం లేదు.

కొందరు సొమ్ము కొడుకు పేర మార్చి "నా దగ్గర ఏముంది?" అంటారు. పేరు మార్చి, ఆధీనం తన వద్దే ఉంచుకుంటే షరీఅత్ లో అది దానమే కాదు. ఆ సొమ్ము తనదే. నిజంగానే ఇచ్చివేసి, ఉద్దేశం మాత్రం జాబితాలో పేరు నిలుపుకోవడమే అయితే, ఆ సంగతి అల్లాహ్ కు తెలుసు. ఒక పేదవాని వాటా కోసం ఆడిన ఎత్తు అది.

ప్రభుత్వ సహాయానికి కొలత వేరు

పింఛను, రేషను కార్డుకు నిసాబ్ తో సంబంధం లేదు. ఆంధ్రప్రదేశ్ లో 2019లో రూపొందించిన షరతుల ప్రకారం కుటుంబ ఆదాయం గ్రామాల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు మించరాదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటరాదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు మించరాదు. ఆదాయపు పన్ను కట్టేవారు, ప్రభుత్వోద్యోగులు ఇంట్లో ఉండరాదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల వాహనం ఉండరాదు. తెలంగాణలో రేషను కార్డుకు కుటుంబ వార్షికాదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు.

ఈ షరతులు ఎక్కువగా నెలసరి రాబడినీ, భూమినీ, వాహనాన్నీ చూస్తున్నాయి. వారసత్వంగా ఒక్కసారి వచ్చిన మొత్తం నెలసరి రాబడి కాదు. కాని దాంతో కారు కొన్నా, హద్దు మించి భూమి కొన్నా, దుకాణం పెట్టగా నెలనెలా ఆదాయం హద్దు దాటినా అర్హత పోతుంది. కనుక జకాత్ కు అర్హత పోయినవారికి పింఛను మిగలవచ్చు, పింఛను పోయినవారికి జకాత్ హక్కు ఉండవచ్చు. ఒక లెక్కను మరొకదానితో కలపరాదు. సందేహం ఉంటే సచివాలయంలోనో, మీసేవలోనో ఉన్నది ఉన్నట్లు చెప్పి అడగాలి. ప్రభుత్వానికి రాసిచ్చే కాగితం కూడా ఒక వాగ్దానమే. అందులో అబద్ధం రాస్తే, అది మసీదు కమిటీకి చెప్పిన అబద్ధం కన్నా చిన్నదేమీ కాదు.

కమిటీ పెద్దలకు ఒక మాట

ఎవరికో డబ్బు వచ్చిందని విన్న వెంటనే పేరు కొట్టేయకండి. పిలిచి, నలుగురిలో కాకుండా ఒంటరిగా అడగండి. అప్పులు అడగండి. కాగితం మీద లెక్క వేసి చూపండి. అన్నిటికన్నా ముఖ్యంగా, డబ్బు అయిపోయిన రోజున మళ్ళీ రావచ్చని చెప్పండి. పేరు ఒకసారి పోతే ఇక రాదన్న భయమే మనుషులను దాచేలా చేస్తుంది. ఆ భయానికి కారణం మనమే అయితే, వారి అబద్ధంలో మనకూ భాగముంటుంది.

ఆ సోదరితో కలిసి ఆ రోజు వెండి ధర కనుక్కుని లెక్క వేశాము. నిసాబ్ దాటింది. ఆమె కాసేపు మౌనంగా ఉండి, "అయితే ఈ యేడు నా వాటా ఇంకెవరికైనా ఇవ్వండి మౌలానా" అన్నారు. మా జాబితాలో చోటు లేక ఆగిపోయిన ఒక రోగికి అది వెళ్ళింది. పింఛనుకు అడ్డు లేదని సచివాలయంలో ఆమెకు చెప్పారు. ఏడాది తిరిగేలోపు పిల్లవాని కాలేజీ ఫీజుకు, ఇంటి ఖర్చులకు ఆ డబ్బు చాలావరకు అయిపోయింది. తర్వాతి రమజాన్ కు లెక్క మళ్ళీ వేశాము. ఆమె పేరు తిరిగి జాబితాలో చేరింది. ఇందులో ఆమె సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మొదటిసారి పేరు తీయించుకున్నదీ, రెండోసారి రాయించుకున్నదీ ఒకే నిజాయితీ.

గుర్తుంచుకోవలసిన విషయాలు:

1. వచ్చిన మొత్తం కాదు, అప్పులు, కనీస అవసరాలు పోగా మిగిలింది చూడాలి.
2. నిసాబ్ ను ఆ రోజు వెండి ధరతో లెక్కించాలి.
3. తీసుకునే హక్కు ఆ రోజే ఆగుతుంది, ఇచ్చే బాధ్యత ఏడాది తర్వాత వస్తుంది.
4. అర్హత ఉన్నప్పుడు తీసుకున్నది తిరిగి ఇవ్వనక్కరలేదు.
5. ప్రభుత్వ సహాయాన్ని దాని షరతులతోనే చూడాలి, నిజమే చెప్పాలి.

మన చేతికి వచ్చేదీ, మన చేతి నుండి వెళ్ళేదీ హలాల్ గా ఉండేలా అల్లాహ్ మనందరినీ అనుగ్రహించుగాక! ఆమీన్.