పొలము లెక్కలో దశాంశ బిందువు

మీ అడంగలు నకలు తీసి చూడుడు. 2.05, 2.5 అను రెండు అంకెలను ఒకటిగా చదువువారు ఇంకను కలరు. వాని నడుమ నున్న భేదము 45 సెంట్లు, అనగా 2,178 చదరపు గజముల నేల!

బిందువునకు ఎడమవైపున నుండునవి నిండు ఎకరాలు. కుడివైపు మొదటి అంకె పదవ వంతులను, రెండవది నూరవ వంతులను తెలుపును. ఎకరమునకు 100 సెంట్లు గనుక 2.05 అనగా 2 ఎకరాల 5 సెంట్లు, 2.5 అనగా 2 ఎకరాల 50 సెంట్లు. చివర సున్న చేర్చి 2.50 అని వ్రాసినను విలువ మారదు; నడుమ చేర్చినచో మారును. పద్దులో ఎల్లప్పుడు రెండు స్థానములు వ్రాయుటే క్షేమము. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు పైసల పద్ధతి వచ్చిననాటి నుండి డబ్బు లెక్క ఇట్లే చేయుచున్నాము గదా.

తెలంగాణ రైతులు మరింత జాగ్రత్త వహింపవలెను. అచ్చట ఎకరమునకు 40 గుంటలు. పహాణీలో 2.20 అని యున్నచో అది 2 ఎకరాల 20 గుంటలు, అనగా రెండున్నర ఎకరాలు. ఆ చుక్క దశాంశ బిందువు కాదు. ఎకరాలను, గుంటలను విడదీయు గుర్తు మాత్రమే. ఎకరమునకు 50 కిలోల చొప్పున ఎరువు వేయదలచి 2.20ని 50తో గుణించినచో 110 కిలోలు వచ్చును. కావలసినది 125 కిలోలు. ముందు గుంటలను 40తో భాగించి, పిదప గుణింపుడు. భాగహారము కష్టమనువారు గుంటకు రెండున్నర సెంట్లని గుర్తుంచుకొనిన చాలును.

కూడికలోను ఇంతే. 1.30, 1.30 గల రెండు చెలకలు కలిపినచో 2.60 కాదు, 3 ఎకరాల 20 గుంటలు.