పాత డిస్కులు – పరుల రహస్యములు

ప్రశ్న: నేను పశ్చిమ గోదావరి జిల్లాలో నొక చిన్న పట్టణమున పన్నుల లెక్కలు వ్రాసి రిటర్నులు దాఖలు చేయు కార్యాలయము నడుపుచున్నాను. పాత కంప్యూటర్లు నాలుగింటిని తీసివేసి క్రొత్తవి కొంటిని. పాతసామాను వ్యాపారి డిస్కులతో సహా ఇచ్చినచో ఎక్కువ ధర యిచ్చెదననుచున్నాడు. ఫైళ్లన్నియు డిలీట్ చేసి, ఫార్మాట్ కూడ చేసితిని. ఇది చాలదా? మున్ముందు ఏదైన జరిగినచో బాధ్యత నాపై పడునా?

జవాబు: చాలదు. మీరు తొలగించితి ననుకొన్న లెక్కలన్నియు ఆ నాలుగు డిస్కులలో ఇప్పటికిని నిలిచియుండుటకు అవకాశము కలదు. డిలీట్ చేయుట యనగా విషయమును చెరుపుట కాదు. అది ఏ తావున నున్నదో తెలుపు సూచికను తొలగించుట మాత్రమే. సబ్‌రిజిస్ట్రారు కచేరీలో ఇండెక్సు పుస్తకము కనబడకపోయినంత మాత్రమున బీరువాలలోని దస్తావేజులు చెరిగిపోవు గదా! క్విక్ ఫార్మాట్ చేయు పనియు నిట్టిదే. ఉచితముగ దొరకు రికవరీ సాఫ్ట్‌వేరుతో నొక పూట కూర్చుండు ఓపిక గలవాడు మీ ఖాతాదారుల పాన్ కార్డులను, ఆధార్ నకళ్లను, బ్యాంకు స్టేట్‌మెంట్లను, తుదకు పోర్టలు పాస్‌వర్డులను వరుసగ వ్రాసిపెట్టుకొనిన ఎక్సెల్ షీటును సైతము మరల వెలికిదీయగలడు.

ఇది కేవల మూహ కాదు. అమెరికాలోని ఎంఐటీకి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అను పరిశోధకు లిరువురు వాడివిడిచిన డిస్కులను 158 కొని పరీక్షించి, 2003లో తమ ఫలితములను ప్రకటించిరి. పనిచేయు స్థితిలో నున్న 129 డిస్కులలో సరిగ తుడువబడినవి 12 మాత్రమే. తక్కినవానిలో వేలకొలది క్రెడిట్ కార్డు సంఖ్యలు బయటపడెను. అందొకటి ఏటీఎం యంత్రములో వాడినది.

ఇక మీ బాధ్యత మాట. ఆ డిస్కులు మీ సొమ్ముతో కొన్నవగుటచే మీవియే. కాని వానిలోని రహస్యములు మీవి కావు, మిమ్ము నమ్మి కాగితములు మీ చేతబెట్టిన వారివి. వ్యక్తి గోప్యత రాజ్యాంగములోని 21వ అధికరణము ప్రసాదించు హక్కులో అంతర్భాగమని తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ఏకగ్రీవముగ తీర్పు చెప్పినది. అంతకు పూర్వమే, సమాచార సాంకేతిక చట్టము, 2000 లోని 43ఎ సెక్షను, పాస్‌వర్డులు, బ్యాంకు ఖాతాల వివరములు, వైద్య రికార్డులు, వేలిముద్రలు మొదలగు సున్నిత సమాచారమును తమవద్ద నుంచుకొను సంస్థలు తగిన భద్రత పాటించుటలో అశ్రద్ధ వహించి యితరులకు నష్టము కలిగించినచో, నష్టపరిహార మిచ్చుకొనవలెనని శాసించుచున్నది. సంస్థ యనగనే పెద్ద కంపెనీలను తలచి ఊరట చెందరాదు. వృత్తి వ్యాపారములు సాగించు భాగస్వామ్యములును, ఏకవ్యక్తి యాజమాన్యములును ఆ నిర్వచనములో చేరియున్నవి. ఐదు కోట్ల రూపాయలకు మించని పరిహారపు కోరికలను రాష్ట్ర ప్రభుత్వ ఐటీ శాఖ కార్యదర్శి న్యాయనిర్ణయాధికారిగ విచారించును.

2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదము పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము ఈ బాధ్యతను మరింత విస్తరింపజేసినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్య బాధ్యతలు నాటినుండి పదునెనిమిది మాసములకు అమలులోనికి వచ్చునట్లు నిర్ణయింపబడినది. సొంత యింటి అవసరమునకై దాచుకొను ఫొటోలకును, లెక్కలకును ఈ చట్టము వర్తింపదు. వృత్తిరీత్యా ఇతరుల సమాచారమును సేకరించువారు మాత్రము దానికి తగిన రక్షణ కల్పింపవలెను; ఏ పనికై సేకరించిరో ఆ పని తీరిన పిమ్మట, మరియొక చట్టము ఉంచుమని చెప్పనియెడల, దానిని చెరిపివేయవలెను. నా సమాచారమును తొలగింపుడని అడుగు హక్కు 12వ సెక్షను క్రింద ప్రతి వ్యక్తికిని లభించును. ముందు ఆ సంస్థకే ఫిర్యాదు చేసి, న్యాయము దొరకనిచో సమాచార పరిరక్షణ బోర్డు నాశ్రయింపవచ్చును. భద్రతాలోపమునకు దండన 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చును.

ఇచ్చట పౌరు లెల్లరు గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ దండన సొమ్ము బాధితునకు చెందదు. భారత సంచిత నిధికి జమయగును. పైగా పరిహారమునకు దారి చూపు 43ఎ సెక్షనును క్రొత్త చట్టము తొలగించుచున్నది. నష్టపోయిన సామాన్యునకు ఇది గొప్ప లోటని నా దృఢాభిప్రాయము. పరిహారమార్గము సన్నగిల్లుచున్న కాలమున, బయటికి పొక్కకముందే సమాచారమును కాపాడుకొనుటకు మించిన రక్షణ లేదు.

అయితే డిస్కులను ధ్వంసము చేయుటకు ముందు, చేయుటకు మీకు హక్కున్నదో లేదో విచారింపుడు. జీఎస్టీ చట్టము క్రింద లెక్కలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీనుండి 72 మాసములు భద్రపరుపవలెను. కంపెనీల లెక్కపుస్తకములను ఎనిమిది ఆర్థిక సంవత్సరములు నిలుపవలెను. అట్టివాని ప్రతులు ఆ డిస్కులలో తప్ప వేరొకచోట లేనిచో ముందు నకలు తీసి, తెరచి సరిచూచుకొనుడు. మీ ఖాతాదారులలో నెవరిపైనైన కేసు నడుచుచున్నను, నోటీసు వచ్చియున్నను, ఆ డిస్కును ముట్టరాదు. న్యాయస్థానమున సాక్ష్యముగ చూపవలసిన ఎలక్ట్రానిక్ రికార్డును, అట్లు చూపకుండ చేయు తలంపుతో నాశనము చేయుట భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షను ప్రకారము మూడేండ్ల వరకు కారాగారమునకు గురిచేయు నేరము.

ఇక పద్ధతి. అయస్కాంతపు పళ్లెములు గల హార్డ్‌డిస్కును క్విక్ ఫార్మాట్ గాక, ప్రతి చోటను సున్నలతో నింపు పూర్తి తుడుపుతో ఆసాంతము తిరుగవ్రాసినచో నిప్పటి డిస్కులకు సాధారణముగ నొకమారు చాలును. ఎస్‌ఎస్‌డీల యందును, పెన్‌డ్రైవుల యందును ఇది నమ్మదగినది కాదు. అవి వ్రాతను తమలోని చిప్పులలో వేర్వేరు చోట్లకు మార్చుకొనుచుండుటచే పాత వ్రాత యొక మూల మిగిలిపోవచ్చును. ఎస్‌ఎస్‌డీకి తయారీదారు ఇచ్చు సెక్యూర్ ఎరేజ్ సౌకర్యమును వాడవలెను. క్రొత్త యంత్రములలో మొదటినాడే బిట్‌లాకర్ వంటి ఎన్‌క్రిప్షన్ పెట్టుకొనుట యుత్తమము. అట్లు చేసినచో, పిమ్మట నేనాడైన డిస్కు చెడి వారంటీ క్రింద కంపెనీవారికి పోయినను లోపలిది పరులకు చదువరాదు.

పనిచేయని డిస్కును తుడుచుటకు వీలులేదు గనుక విరుగగొట్టక తప్పదు. నక్షత్రాకారపు స్క్రూలు విప్పి మూత తీసినచో అద్దమువలె మెరయు పళ్లెములు కనబడును; విషయమంతయు వానిపైననే యున్నది. ఒకటి రెండు రంధ్రములు చేసి వదలక, ప్రతి పళ్లెమును రెండువైపుల గరుకుకాగితముతో గీకి, వంచి, ముక్కలు చేయవలెను. ల్యాప్‌టాప్ డిస్కులలో గాజు పళ్లెములుండును గాన కండ్లద్దములు పెట్టుకొని, మందమైన గుడ్డ కప్పి కొట్టుడు. ఎస్‌ఎస్‌డీలో నల్లని చిప్పు లన్నింటిని విడివిడిగ పగులగొట్టవలెను. అయస్కాంతము వానిని తాకి యేమియు చేయజాలదు. ఏ డిస్కును కాల్చరాదు. ఆ పొగ విషము. ముక్కలను ఈ-వ్యర్థముల నియమములు, 2022 ప్రకారము నమోదైన రీసైక్లరుకు చేరవేయుడు. పెద్ద డిజిటల్ జిరాక్స్ యంత్రములలో పెక్కింటికి లోపల డిస్కు ఉండుననియు, దాని గుండా నడచిన కాగితముల ఛాయలు అందు నిలిచియుండవచ్చుననియు మరువకుడు.

ఇతరుల కప్పగించినంతనే బాధ్యత తీరదు. మోర్గాన్ స్టాన్లీ అను ఆర్థిక సంస్థ, సమాచార నాశనమున అనుభవములేని సామాను తరలింపు కంపెనీకి డిస్కు లప్పగింపగా, వానిలో కొన్ని ఖాతాదారుల వివరములతో సహా ఆన్‌లైన్ వేలమున అమ్ముడుపోయినవి. 2022 సెప్టెంబరులో ఆ సంస్థపై అమెరికా నియంత్రణ సంస్థ 3.5 కోట్ల డాలర్ల దండన విధించినది. కావున మీరు ఎవరికిచ్చినను ప్రతి డిస్కు సీరియల్ నంబరు వ్రాసిన ధ్వంస ధ్రువపత్రము పుచ్చుకొనుడు. మీరే చేసినచో తేది, నంబరు, పద్ధతి పుస్తకమున వ్రాసి సంతకము చేయుడు. ఫిర్యాదు వచ్చిననాడు మీరు తగిన జాగ్రత్త వహించితిరనుటకు అదియే సాక్ష్యము.

ఇదివరకే అమ్మివేసినవారు వెంటనే పాస్‌వర్డు లన్నింటిని మార్చి, ఖాతాదారులకు తెలియజేయవలెను. డిస్కును తామే అమ్మిరి గనుక కొన్నవాడు దానిని తెరచి చూచుటయే నేరమని నిరూపించుట కష్టము; కాని పరుల పాస్‌వర్డును మోసబుద్ధితో వాడుట సమాచార సాంకేతిక చట్టపు 66సి సెక్షను క్రింద మూడేండ్ల శిక్షకు లోనగు నేరమే. సొమ్ము పోయినచో తక్షణము సైబరు మోసముల ఫిర్యాదులకై యున్న 1930 నంబరుకు ఫోను చేయుడు.

వ్యాపారి డిస్కులకై యిచ్చెదనను అదనపు ధరను వదలుకొనుడు. కంప్యూటర్లను డిస్కులు తీసి యమ్ముడు.