ప్రాజెక్టు పాడైందా? అదే రాయండి

“చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ప్రాణం.” అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేసే మన పిల్లల ఎస్‌ఓపీలు (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) చాలా దిద్దాను. సగం ఇలాగే మొదలవుతాయి. ఆరో తరగతిలో నాన్న కొనిచ్చిన డెస్క్‌టాప్, రెండో పేరాలో అబ్దుల్ కలాం, ఆఖర్న “మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయం”. చదివేది ప్రొఫెసర్లు. వాళ్ల ముందు దరఖాస్తుల గుట్ట ఉంటుంది. మీ బాల్యంతో వాళ్లకేం పని?

కిందటేడు గుంటూరు వైపు నుంచి ఒక ఈసీఈ కుర్రాడు వచ్చాడు. తెచ్చిన రెండు పేజీల నిండా హార్డ్ వర్కర్, టీమ్ ప్లేయర్ లాంటి మాటలే. మేజర్ ప్రాజెక్టు గురించి మాత్రం ఒకే వాక్యం: పొలానికి తనంతట తానే నీళ్లు పెట్టే పరికరం చేశానని.

“పనిచేసిందా?” అనడిగాను.

“లేదండీ, నెల తిరక్కుండానే సెన్సర్ తుప్పు పట్టేసింది” అన్నాడు తల దించుకుని.

ఎందుకని అడిగితే అరగంట ఆగలేదు. వాళ్ల మిరపచేలో పాతిన తేమ సెన్సర్‌కి రాత్రింబవళ్లూ కరెంటు అందుతూనే ఉంది. దాంతో తడిమట్టిలో దాని లోహపు పూతను తుప్పు తినేసింది. చేను తడిగా ఉన్నా ఎండిందని చూపిస్తూ మోటారు వేసేసేది. రీడింగ్ తీసే క్షణంలోనే కరెంటు వెళ్లేలా ప్రోగ్రాం మార్చాడు. రెండో సెన్సర్ పంట చివరిదాకా నిలిచింది. కెపాసిటివ్ రకం వాడుంటే ఈ గోలే ఉండేది కాదని తర్వాత తెలిసిందట.

“మరి ఇదంతా ఎందుకు రాయలేదు?”

“ఫెయిలైంది కదండీ!”

నాయనా, ఎస్‌ఓపీ అంటే అదే! ఏం చేశావు, ఎక్కడ దెబ్బతిన్నావు, ఎలా కనిపెట్టావు, ఇంకా ఏం తేలలేదు. ఆ తేలనిదాని కోసమే ఎంఎస్. ఆ ప్రశ్నకు దగ్గరగా పనిచేస్తున్న ప్రొఫెసర్ ఈమధ్య రాసిన పేపరొకటి చదివితే, “ఈ యూనివర్సిటీయే ఎందుకు” అన్న పేరా కోసం తల పట్టుకోనక్కర్లేదు.

బ్యాక్‌లాగులున్నాయా? కారణం, ఆ తర్వాత ఎలా గట్టెక్కారో రెండు వాక్యాల్లో చెప్పి వదిలేయండి. సంజాయిషీ పెరిగేకొద్దీ అనుమానం పెరుగుతుంది. కుటుంబ కష్టాలు, ఎదిగొచ్చిన తీరు రాయడానికి బర్కిలీ లాంటి చోట్ల పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ అని వేరే కాగితమే అడుగుతారు. దాన్నీ ఎస్‌ఓపీనీ కలిపేయకండి.

కన్సల్టెన్సీవాళ్లు రాసిచ్చేదాని సంగతంటారా? పేరు మార్చడం మరిచిపోయి, ఒక యూనివర్సిటీకి పంపేదాంట్లో ఇంకో యూనివర్సిటీని పొగిడిన కాపీ నా కళ్లారా చూశాను. చిలుకూరు బాలాజీ చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేసినా ఆ తప్పు దిద్దుకోదు.

ఇంగ్లీషు రాదన్న బెంగ తర్వాత పడొచ్చు. ముందు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, మీ ప్రాజెక్టు కథ మీ తమ్ముడికి తెలుగులో చెప్పండి. వాడు మధ్యలో “అదెందుకలా?” అన్న ప్రతిచోటా మీ ఎస్‌ఓపీలో ఒక వాక్యం పడాలి. చాలాచోట్ల గడువు డిసెంబరులోనే. ఈ రాత్రికే తమ్ముణ్ణి కూర్చోబెట్టండి.