చుంగాణీ మరమ్మతు: కొంత రసాయన శాస్త్రం

మురికి పట్టడం, శిథిలం కావడం వేరు వేరు విషయాలు. మురికి అంటే బయటినుంచి వచ్చి వస్తువు మీద చేరిన పదార్థం. తగిన ద్రావణితో దానిని కరిగించి తీసివేస్తే కింద అసలు వస్తువు క్షేమంగా ఉంటుంది. శిథిలత అంటే ఆ వస్తువే రసాయనికంగా మారిపోవడం. అక్కడ మనం తీసే ప్రతి పొరా ఆ వస్తువులో భాగమే. కంటికి మాత్రం రెండూ ఒకే రకం మచ్చలుగా కనిపిస్తాయి. ఈ భేదాన్ని చేతితో తాకి తెలుసుకొనేటట్లు బోధించగల వస్తువులలో, నా అనుభవంలో, చవకరకం పాత పొగాకు పైపును మించినది లేదు. పూర్వం మన పెద్దలు దీనినే చుంగాణీ అనేవారు.

ముందుగా ఒక మనవి. ఈ వ్యాసం ధూమపానానికి ప్రోత్సాహం కాదు. పొగాకు పొగ క్యాన్సరు కారకమన్నది నిర్వివాదాంశం. పైపు త్రాగేవారికి నోటి క్యాన్సరు, ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఉన్నది. నేను పొగ త్రాగను. బాగుచేసిన పైపులు మా ఇంట్లో పుస్తకాల అరలో కూర్చుంటాయి. "త్రాగనివాడికి చుంగాణీ ఎందుకు నాయనా?" అని మా అమ్మగారు ఈ దేశం వచ్చినప్పుడల్లా అడుగుతారు. ఈ వ్యాసం ఒక విధంగా ఆమెకు సమాధానం.

ఇక్కడ అమెరికాలో ఇల్లు మారేవారు, పెద్దలు గతించాక వారి సామాను అమ్మేవారు శనివారాలనాడు గరాజుల ముందు బల్లలు వేయడం మనందరికీ తెలిసినదే. ఆ బల్లల మీద పాత పైపులు అప్పుడప్పుడు కనిపిస్తాయి. పేరున్న తయారీదారుల పైపుల జోలికి కొత్తవారు పోరాదు. పాడైతే పాడవనీ అనుకోగల వస్తువు మీదనే చేయి తిరగాలి. నేను ఇక్కడ వర్ణిస్తున్నది మూడు డాలర్ల పైపు: గిన్నె అంచు మాడి ఉన్నది, మెడ దగ్గర వెంట్రుకవాసి పగులు, నోట పెట్టుకొనే కాడ గోధుమరంగుకు తిరిగి ఉన్నది, దాని మీద పంటిగాట్లు.

గిన్నె, మెడ 'బ్రయర్' అనే కొయ్యతో చేసినవి. మధ్యధరా సముద్ర తీరాలలో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొదకు వేళ్ళూ కాండమూ కలిసేచోట బుడిపె వంటి దుంప ఏర్పడుతుంది. దానిని తవ్వి, గంటల తరబడి నీటిలో ఉడికించి, నెలల తరబడి నీడన ఆరబెట్టి పైపులు చెక్కుతారు. 19వ శతాబ్దం మధ్యకాలం నుంచి ఫ్రాన్సులోని సెయింట్ క్లోడ్ పట్టణం ఈ పరిశ్రమకు ప్రసిద్ధి. ఈ కొయ్య బహు గట్టిది, వేడికి త్వరగా కాలదు. అయితే దుంప భూమిలో పెరుగుతుంది కనుక చిన్న గుంటలు, లోపాలు సహజం. మేలురకం దిమ్మెలు ఖరీదైన పైపులకు పోతాయి. గుంటలున్నవాటికి లప్పం పెట్టి, పైన ముదురు రంగూ మెరుగూ పూసి చవకగా అమ్ముతారు.

మొదట గిన్నె లోపల. అక్కడ కర్బనపు పొర పేరుకొని ఉంటుంది. దళసరి అయితే ఇది ప్రమాదకరం. వేడికి కర్బనమూ కొయ్యా ఒకే మేరకు వ్యాకోచించవు, అందువల్ల గిన్నె పగలవచ్చు. కర్రకు ఉప్పుకాగితం చుట్టి, కొయ్య కనపడేవరకు నిదానంగా అరగదీయాలి. చేతికి తొడుగులు తప్పనిసరి. పాత తారులో నికొటిన్ ఉంటుంది, అది చర్మం గుండా ఒంటికి ఎక్కుతుంది. పిల్లలను ఈ దశలో దూరంగా ఉంచడం మంచిది.

మిగిలిన తారు కొయ్య రంధ్రాలలో ఇంకి ఉంటుంది. గిన్నెలో దూది కూరి, ఐసోప్రొపైల్ ఆల్కహాలు అంచుకు కొంచెం కిందివరకు పోసి ఒక రాత్రి వదలాలి. మందుల షాపులో 70 శాతం, 91 శాతం అని రెండు రకాలు దొరుకుతాయి. 91 శాతానిదే వాడాలి, ఎందుకంటే మొదటిదానిలో ఉన్న నీరు కొయ్యను ఉబ్బిస్తుంది. ఉదయానికి దూది కాఫీ డికాక్షన్ రంగుకు వస్తుంది. తారు కొయ్యను వదలి దూదిలోకి ఎందుకు వచ్చింది? మన చవుడు నేలలను తలచుకుంటే తెలుస్తుంది. భూమిలోని ఉప్పును నీరు కరిగించుకొని పైకి ప్రాకుతుంది; నీరు ఆవిరైనచోట ఉప్పు మిగిలిపోతుంది. ఇక్కడ నీటి స్థానంలో ఆల్కహాలు, ఉప్పు స్థానంలో తారు. ఆవిరయ్యేది దూది ముఖాన కనుక తారు అక్కడ చేరుతుంది. రెండు మూడు రాత్రులు ఇలా చేస్తే వాసన చాలవరకు పోతుంది. ఆ ఆల్కహాలు ఆవిరి 12 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే నిప్పు రవ్వకు అంటుకుంటుంది కనుక వంటింట్లో ఈ పని పెట్టుకోరాదు.

గిన్నె పైభాగంలో మొదట చెప్పిన భేదం మనకు మొదటిసారి ఎదురవుతుంది. అంచు మీది నలుపును తడిగుడ్డతో రుద్దాలి. గుడ్డకు అంటినది తారు, అంటే మురికి. ఎంత రుద్దినా అంటనిది మాడిన కొయ్య, అంటే శిథిలత. దానిని ఉప్పుకాగితంతో కోయక తప్పదు, కోసినకొద్దీ గిన్నె పొట్టిదవుతుంది. నేను సగం మాడును అలాగే వదిలాను. పాత పైపు కొత్తదానివలె కనిపించాలన్న పంతం నాకు నచ్చదు.

నొక్కులు పడినచోట తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె కొనతో కొద్ది క్షణాలు అద్దితే, అణిగిన కొయ్యనారలు ఆవిరిని పీల్చుకొని ఉబ్బి పైకి లేస్తాయి. నారలు తెగినచోట ఈ ఉపాయం పనిచేయదు. లప్పం ఊడినచోట, బ్రయర్ పొడిలో సూపర్ గ్లూ చుక్క వేసి నింపాలి. ఆ జిగురు సయనోఅక్రిలేటు అనే చిన్న అణువుల ద్రవం. లేశమాత్రపు తేమ తగిలినా అణువులు గొలుసులుగా కట్టుకొని గట్టిపడతాయి. కొయ్యపొడిలోని తేమ చాలు, కొద్ది క్షణాలలో రాయి అవుతుంది. దీనిని దూదితో మాత్రం తుడవరాదు. ఆ చర్యలో పుట్టే వేడికి దూది పొగలు క్రక్కుతుంది.

మెడ మీది పగులుకు కేవలం జిగురు చాలదు. పగులు కొన దగ్గర ఒత్తిడి అంతా ఒక్క బిందువు మీద కేంద్రీకృతమై ఉంటుంది, అందుకే అది ముందుకు ప్రాకుతుంది. సరిగ్గా ఆ కొన దగ్గర ఒక మిల్లీమీటరు రంధ్రం తొలిస్తే ఒత్తిడి రంధ్రం చుట్టూ పంచుకుపోయి పగులు ఆగుతుంది. లోహపు రేకులలో పగుళ్ళను ఆపడానికి ఇంజనీర్లు వాడే ఉపాయమే ఇది. పగులు అసలు కొనను భూతద్దంతో వెతకడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది. ఆపైన జిగురు పోసి, సన్నని ఇత్తడి కట్టు బిగించాను.

ఇక కాడ. ఈ పైపు మొత్తంలో రసవత్తరమైన రసాయన శాస్త్రమంతా ఇక్కడే ఉన్నది. ఇది ఎబొనైటు, అనగా గట్టి రబ్బరు. గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు గట్టిపడుతుందని చార్లెస్ గుడ్‌యియర్ 1839లో కనుగొన్నాడు. గంధకపు పరమాణువులు పొడవాటి రబ్బరు గొలుసుల నడుమ వంతెనలు కడతాయి. కారు టైరులో గంధకం రెండు మూడు శాతం మాత్రమే. సుమారు 30 శాతం కలిపితే అది కొమ్మువలె గట్టిగా, నల్లగా మారుతుంది. 1851లో దీనికి పేటెంటు తీసుకొన్నవాడు చార్లెస్ తమ్ముడు నెల్సన్.

ఆ వంతెనలే దీని బలం, ఆ వంతెనలే దీని బలహీనత. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆమ్లజని, తేమ కలిసి పైపొరలోని వంతెనలను తెంచుతాయి. విడివడిన గంధకం క్రమంగా ఆక్సీకరణం చెంది గంధకికామ్లం అవుతుంది. పాత కాడ చేదుగా ఉండటానికి, గోధుమరంగుకు తిరగడానికి ఇదే కారణం. పూర్వం విద్యుత్ పరికరాలలో వాడిన ఎబొనైటు కూడా ఇలాగే పైన ఆమ్లం పట్టి, తేమలో విద్యుత్తును నిరోధించే గుణం కోల్పోయేది. పిల్లలకు చూపదలిస్తే, ఎర్ర క్యాబేజీ రసంలో తడిపి ఆరబెట్టిన కాగితాన్ని మళ్ళీ కొద్దిగా తడిపి బాగా పాతబడిన కాడకు అద్దండి. ఊదారంగు గులాబీకి తిరగవచ్చు.

ఈ గోధుమరంగు మురికి కాదు. కొందరు బట్టల బ్లీచిలో నానబెట్టమంటారు. బ్లీచి కూడా ఆక్సీకరణకారియే. రంగు పోతుంది కాని ఉపరితలం గుంటలు పడుతుంది. సరైన దారి అరగదీయడమే: 400 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 600, 1000, 2000 వరకు, ఎప్పుడూ నీటిలో తడుపుతూ. మొదటి నీళ్ళు గోధుమరంగులో, గంధకం కంపుతో వస్తాయి. నీళ్ళు నల్లబడినప్పుడు అసలు ఎబొనైటు తగిలిందన్నమాట.

పంటిగాట్లకు అరగదీయనక్కరలేదు. మరిగి కొంచెం చల్లారిన నీటిలో కాడను కొద్ది నిమిషాలు ఉంచితే గాట్లు చాలావరకు వాటంతట అవే పైకి వస్తాయి. వేడికి గొలుసులు వదులవుతాయి, గంధకపు వంతెనలు వాటిని అచ్చుపోసిన నాటి స్థానాలకు లాగుతాయి. మా అమ్మాయి దీనిని చూసి, "రబ్బరుకు జ్ఞాపకశక్తి ఉంది నాన్నా" అన్నది. నేను అంతకంటె బాగా చెప్పలేను.

చివరగా మెరుగు. తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చేతి వేడికే జిగటగా ఉంటుంది. బ్రెజిలు దేశపు తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నూబా మైనం 80 డిగ్రీలు దాటితే గాని కరగదు, కనుక అదే మేలు. తిరిగే గుడ్డచక్రానికి మైనపుబిళ్ళ తాకించి, ఆపైన గిన్నెను ఆనిస్తే రాపిడి వేడికి మైనం కరిగి పలుచని పొరగా పరుచుకుంటుంది. ఏటికొప్పాక బొమ్మల పనివారు తిరిగే కొయ్యకు లక్క కణికను ఆనించి రంగు ఎక్కించే పద్ధతి, ఇదీ ఒకటే సూత్రం.

ఈ చేతి అలవాటంతా నేను మరొక వస్తువును దృష్టిలో పెట్టుకొని నేర్చుకున్నాను. రాజమండ్రి రత్నం కలాల గురించి వినని తెలుగువారు అరుదు. ఎబొనైటు కడ్డీని లేతు మీద తరిచి చేసిన అటువంటి కలం ఒకటి మా నాన్నగారిది నా దగ్గర ఉన్నది. ఆయన వెళ్ళిపోయి చాలా సంవత్సరాలైంది. నలుపు కలం ఇప్పుడు పైపు కాడవలెనే గోధుమరంగుకు తిరిగింది. దానిని మళ్ళీ నల్లగా చేయడం నాకు ఇప్పుడు ఒక పూట పని. కాని దాని మీద ఆయన పేరు చెక్కి ఉన్నది, ఆ అక్షరాల లోతు ఉప్పుకాగితం తినివేసే పొర కంటె ఎక్కువేమీ కాదు. అందుచేత మెత్తని పొడిగుడ్డతో తుడిచి, ఎండ తగలని సొరుగులో, గుడ్డసంచిలో ఉంచాను. వెలుతురు లేకపోతే గంధకపు వంతెనలు తెగడం బాగా మందగిస్తుంది. ఏడాదికి ఒకసారి తీసి చూస్తాను. గోధుమరంగు మీద పేరు చక్కగా చదవవచ్చు.