తిరిగేది ఏమిటో ముందు వినండి

ఎండాకాలం మధ్యాహ్నం టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చుని "ఆ..." అని సాగదీయని చిన్నతనం మనలో ఎవరికి ఉంటుంది? గొంతు మనదే. ఎదురుగా రెక్కలు తిరుగుతుంటాయి కాబట్టి వణికిపోతూ మన చెవికే వచ్చి చేరుతుంది. గిటార్‌కి అలాంటి గొంతు తేవాలని చూసేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ తంటాలు నాకు సంగీతం కన్నా పెద్ద పాఠమే నేర్పాయి.

గిటారిస్టు స్టీవీ రే వాన్ 1984లో రికార్డు చేసిన 'కోల్డ్ షాట్' వినండి. గిటార్ ఊయల మీద కూర్చుని పలికినట్టుంటుంది. ఆ శబ్దం కావాలని, తిరిగే స్పీకర్‌ని అనుకరించే రోటరీ పెడల్ కొన్నాను. కనిపించిన నాబ్‌నల్లా చివరిదాకా తిప్పాను. పెడల్ బ్రహ్మాండంగానే పలికింది. కానీ అది ఆ పాట కాదు. వారాల తరబడి నా చేతిదే లోపం అనుకున్నాను.

లోపం చేతిది కాదు. నేను దేన్ని అనుకరిస్తున్నానో నాకే తెలియదు.

ఈ శబ్దానికి మూలం లెస్లీ స్పీకర్. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో డాన్ లెస్లీ అనే ఆయన 1937లో హామండ్ ఆర్గన్ కొనుక్కున్నారు. షోరూం పెద్ద హాల్లో నిండుగా మోగిన వాయిద్యం ఇంటి గదిలో జీవం లేకుండా పలికింది. ఆయన ఆర్గన్‌ని తిట్టుకుని ఊరుకోలేదు. హాల్లో ఉండి గదిలో లేనిది ఏమిటని ఆలోచించారు. హాల్లో శబ్దం నలుదిక్కుల నుంచీ తగిలి వస్తుంది, అందులో కదలిక ఉంది. ఆ కదలికనే చెక్కపెట్టెలో బంధించారు. పైన ఒక కొమ్ము, కింద ఒక డ్రమ్, రెండూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. కొమ్ముకి రెండు నోళ్లు కనిపిస్తాయి. పలికేది ఒకటే, రెండోది బరువు సరిపోవడానికి. నోరు మన వైపు వస్తుంటే స్వరం కాస్త పైకి జరుగుతుంది, అటు తిరిగితే కిందికి దిగుతుంది. రైలు కూత పెడుతూ మనల్ని దాటి పోయేటప్పుడు జరిగేదీ ఇదే. హామండ్ కంపెనీ ఆ పెట్టెను వద్దంది. లెస్లీ సొంతంగా తయారుచేసి అమ్ముకున్నారు. చివరికి 1980లో హామండే లెస్లీ స్పీకర్ల వ్యాపారాన్ని కొనుక్కుంది.

మరి 'కోల్డ్ షాట్'లో వాడింది? ఫెండర్ వైబ్రాటోన్ అనే పెట్టె. అదీ లెస్లీ కుటుంబానిదే, 1967లో గిటార్ల కోసమే వచ్చింది. దాంట్లో కొమ్ము లేదు. ఒక 10 అంగుళాల స్పీకర్ ముందు డ్రమ్ ఒక్కటే తిరుగుతుంది. నేనేమో కొమ్ము మెరుపునంతా పైకి లేపి, ఆ పెట్టెలో లేనిదాన్ని తెద్దామని కూర్చున్నాను! పెడల్లో కొమ్ము వాటా తగ్గించేసి, డ్రమ్ మిగిల్చి, వేగం కాస్త దించాను. పది నిమిషాల్లో దగ్గరికొచ్చింది.

మీరు మెచ్చే మనిషి విషయంలోనూ ఇదే అడగండి: అక్కడ తిరుగుతున్నది ఏది? ఆఫీసులో ఒకాయన మాట్లాడితే గదంతా వింటుంది. మనం ఆయన గొంతు పెంచే తీరు పట్టుకుంటాం, ఆయన వాడే ఇంగ్లీషు ముక్కలు పట్టుకుంటాం. నిజానికి ఆయన చేస్తున్నది ప్రతి ప్రశ్నకీ రెండు క్షణాలు ఆగడం కావచ్చు. రాత్రి కూర్చుని లెక్కలు ఒకటికి రెండుసార్లు చూసుకోవడం కావచ్చు. పైకి వినపడేది వేరు, లోపల తిరిగేది వేరు. వారం రోజులు ఏదీ అనుకరించకుండా ఆ ఒక్కదాన్నే గమనించండి. దొరికింది ఒక్క వాక్యమైనా సరే, రాసుకోండి.

అచ్చుగుద్దినట్టు రాకపోతే దిగులు పడకండి. జపాన్‌లో ఫుమియో మియెదా రూపొందించిన యూని-వైబ్ అనే పెడల్‌లో మోటారూ లేదు, కొమ్మూ లేదు. ఒక చిన్న బల్బు వెలిగి తగ్గుతుంటే, చుట్టూ ఉన్న నాలుగు ఫోటోసెల్స్ ఆ వెలుగుకి స్పందించి స్వరాన్ని మెలితిప్పుతాయి. తిరిగే స్పీకర్‌కి బదులుగా వాడుకుందామని తెచ్చుకున్నవాళ్లకు అది లెస్లీలా పలకలేదు. కానీ 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం వేదిక మీద గిటారిస్టు జిమి హెండ్రిక్స్ పాదం కింద అది తనలాగే పలికింది. ఇవాళ యూని-వైబ్‌నే అనుకరించే పెడల్స్ బజారు నిండా ఉన్నాయి. నాకు లెస్లీ కన్నా అదే ఎక్కువ ఇష్టం.

ఇక సాధన. గరగర తెచ్చే ఓవర్‌డ్రైవ్ పెడల్‌ని రోటరీకి ముందు పెట్టండి, తక్కువగా. లెస్లీ పెట్టెలోనూ ముందుగా ఆంప్ గరగరలాడుతుంది, ఆ తర్వాతే శబ్దం తిరుగుతుంది. రెండు ఆంప్‌లు ఉంటే గదికి చెరోవైపు పెట్టండి. వేగాన్ని మాత్రం నాబ్‌తో కాదు, కాలితో మార్చండి. లెస్లీకి ఉన్నవి రెండే వేగాలు: నెమ్మదిగా నిమిషానికి సుమారు 40 చుట్లు, జోరుగా సుమారు 400. అందమంతా ఒకదాని నుంచి మరోదానికి మారే ఆ కాసేపట్లో ఉంది. కొమ్ము తేలిక, చటుక్కున అందుకుంటుంది. డ్రమ్ బరువు, వెనకబడి వస్తుంది. పెడల్లో ఆ మారే సమయాన్ని సున్నాకి పెట్టేస్తే రెండు శబ్దాలు మిగులుతాయి, ప్రాణం పోతుంది. మొదటి నిమిషం నుంచే జోరందుకునే వక్తల్ని విన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. పది నిమిషాలకే వినేవాడి చెవి అలిసిపోతుంది.

ఈ రాత్రి ఒక్క కార్డ్ చాలు. ఏ మైనర్ పట్టుకుని నెమ్మది వేగంలో మోగించండి. నాలుగు లెక్కపెట్టి స్విచ్ తొక్కండి, జోరెక్కనివ్వండి. మళ్లీ నాలుగు లెక్కపెట్టి మళ్లీ తొక్కండి. పైన కొమ్ము ముందుగా నెమ్మదిస్తుంది. కింద డ్రమ్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అది కూడా దిగేదాకా తీగల మీంచి చెయ్యి తీయకండి.