మార్పు మన గడప నుంచే



తాగుడు పెరిగింది, అప్పులు పెరిగాయి, సమాజం చెడిపోయింది అని మనం తరచూ బాధపడుతుంటాం. ప్రభుత్వం ఏదైనా చేస్తే బాగుండునని అనుకుంటాం. దివ్య ఖుర్‌ఆన్ మాత్రం మన చూపును ముందుగా మనవైపే తిప్పుతుంది. ఏ జాతి అయినా తనలోని స్థితిని తాను మార్చుకోనంత వరకు అల్లాహ్ దాని పరిస్థితిని మార్చడని సూరహ్ రఅద్ 11వ ఆయత్ బోధిస్తోంది.

మదీనాలో జరిగినది

మద్యం ఆనాటి అరబ్బుల జీవితంలో కలిసిపోయి ఉండేది. దాని నిషేధం ఒక్కసారిగా రాలేదు. అందులో లాభం కన్నా పాపమే పెద్దదని మొదట తెలుపబడింది (2:219). తర్వాత మత్తులో నమాజు దరిదాపులకు రావద్దన్న ఆదేశం వచ్చింది (4:43). చివరికి పూర్తిగా నిషేధించబడింది (5:90-91). ముందు స్వర్గ నరకాల ప్రస్తావన వచ్చి మనసులు కుదుటపడ్డాయని, తొలిరోజే మద్యం మానమంటే జనం ససేమిరా అనేవారని హజ్రత్ ఆయిషా (రజి) వివరించారు (బుఖారీ).

నిషేధ ప్రకటన వినిపించినప్పుడు హజ్రత్ అనస్ (రజి) ఒక ఇంట్లో అతిథులకు మద్యం అందిస్తున్నారు. వెంటనే పారబోయమన్నారు ఇంటివారు. మదీనా వీధుల్లో మద్యం పారింది. అంతకు ముందే మనసులు మారి ఉన్నందువల్ల ఒక్క ప్రకటన సరిపోయింది.

పొరుగు జిల్లా పాఠం

మన కడపను ఆనుకొని ఉన్న నెల్లూరు జిల్లాలో 1990ల తొలినాళ్లలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలు కూలికి వెళ్లి రాత్రి పలక పట్టిన స్త్రీలు వాచకంలో సారా గురించిన పాఠం చదివారు. అది తమ ఇంటి కథే అని గుర్తించారు. 1992లో దూబగుంట స్త్రీలు, వారిలో వర్ధినేని రోశమ్మ ముందు నిలిచి, ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. నేర్చుకున్న అక్షరాన్ని వారు తమ వరకే ఉంచుకోలేదు. మన నమాజు, మన చదువు కూడా అంతే. నేను తాగను, నాకెందుకు అనుకునేవాడి మంచితనం సగంలో ఆగిపోయినట్లే. ప్రతి ఒక్కరూ కాపరులేనని, తమ అధీనంలోని వారి గురించి ప్రశ్నించబడతారని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం).

మరో విషయం కూడా ఉంది. దొంగ రవాణా, నాటుసారా ఆగలేదు. ఖజానాకు రాబడి తగ్గింది. 1997లో నిషేధాన్ని సడలించారు. అమెరికాలోనూ 1920లో వచ్చిన మద్యనిషేధం 1933లో రద్దయింది. చట్టం అవసరమే. కాని దానిని నిలబెట్టే మనుషులు ఇంటింటా తయారు కాకపోతే అది ఎంతో కాలం నిలవదు.

మనం చేయవలసినవి

పెద్దముడియం అయినా, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు అయినా పని ఒకటే. ఇషా తర్వాత కాసేపు మన లెక్క మనం చూసుకుందాం. ఈరోజు కూలి డబ్బు ఇంటికి చేరిందా? పిల్లవాడి స్నేహాలు ఎలాంటివి? పెళ్లిలో స్నేహితుల కోసమని మందు సీసాలకు మనమే డబ్బు ఇచ్చామా? ఎన్నికలప్పుడు సీసా పుచ్చుకున్నామా? తాగేవాడినే కాదు, అమ్మేవాడిని, మోసేవాడిని కూడా అల్లాహ్ శపించాడని దైవప్రవక్త (స) తెలిపారని మరువరాదు (అబూదావూద్).

అయితే తాగుడుకు బానిసైన సోదరుణ్ణి మస్జిదు గుమ్మంలో అవమానించకండి. పదేపదే తాగి శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఒకరు శపించగా దైవప్రవక్త (స) వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని చెప్పారు (బుఖారీ). అతని పాపాన్ని ద్వేషిద్దాం, అతని చేయి మాత్రం వదలకుండా ఉందాం. చికిత్స అవసరమైతే వెంట ఉండి ఆసుపత్రికి తీసుకువెళదాం. ఈలోగా ఆ ఇంటి పొయ్యి ఆరిపోకుండా చూడటం పొరుగువారిగా మన బాధ్యత.

మనల్ని మనం సంస్కరించుకుని, ఇతరులకు మేలు చేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.